సైడ్ బి ఆఖర్ల

ఎనభై నాలుగు. మనామ.
బాబ్ అల్ బహ్రెయిన్ ఎనుక సందుల
ఒక్క షట్టర్ దుకాణం.
ఎనిమిది డెక్కులు, మూలిగే ఏసీ,
నేనూ కుర్యాకోసూ.
భీమ్‌గల్‌ల తునికాకు కత్తిరించిన ఏళ్లతోటి
చిక్కువడ్డ టేపు సవరించుడు నా పని.

ఔవాలి నుంచి మిసెస్ ప్రెస్కాట్
పదిహేను రోజులకోసారి అచ్చేది.
లండన్‌ల ఆమె చెల్లె
ఆదివారం పొద్దూకంగ రేడియో ముంగట కూసోని
నలభై పాటలు పట్టి పోస్టుల పంపుతుండె.
మాకిచ్చేది ఒక్కటి.
మేం చేసేటియి రెండొందలు.

నాకు ఇంగ్లీషు రాదు.
లేబుళ్ల మీద కుర్యాకోస్ అసలు పేర్లు రాస్తడు,
నేను నా నోటుబుక్కుల తెలుగుల రాసుకున్న:
తలుపు కొట్టేది.
ఆడగొంతు మొగోడు.
రేకుల మీద వాన.
ఏడుస్తలేడు గని ఏడిచినట్టే.
గవే నాకు యాదికున్నయి.
అసలు పేర్లు చెప్తే ఇప్పటికీ గుర్తువట్ట.

జనవరిల తలుపు కొట్టేది మొదటి నంబరు.
మార్చికల్ల పదిహేడు.
క్యాంపుల మంచాలు గిట్లనే గదా:
ఫ్యాను కాడ మంచమోడు వీసా అయిపోయి పోతె
తలుపు కాడోడు అక్కడికి జరుగుతడు,
గాలి కొన్నాళ్లు ఆయనది.
రేకుల మీద వాన మాత్రం ఎండకాలమంత దిగలె.
జులైల, ఉప్పుగాలిల,
టాక్సీలల్ల, జ్యూసు దుకాణాలల్ల, మంగలి కుర్చీల కాడ
నేను కాపీ కొట్టిన వానే పడ్డది.

డిసెంబర్ల అచ్చింది ఆకలి పాట.
పాటగాళ్లందరు ఒక్క కాడ జమైన్రట.
మిసెస్ ప్రెస్కాట్ చేతులు తిప్పుకుంట చెప్పింది,
కుర్యాకోస్ హిందీల చెప్పిండు:
ఆఫ్రికల కరువు. రికార్డు కొన్న పైసలన్ని
అన్నం లేనోళ్లకు పోతయి.
ఆమె పోయినంక అడిగిన:
మరి మనం అమ్మినయి?
కుర్యాకోస్ లేబులు నాకి అంటువెట్టిండు.
అర్బాబ్ నవ్విండు. ఖల్లీ వల్లీ,
అయిదు వందలు కొట్టు.

కరువు సంగతి నాకు ఒకలు చెప్పాల్నా.
డెబ్బై రెండుల గంజి కేంద్రం కాడ
సత్తుగిన్నె పట్టుకొని నిలవడ్డోణ్ణి.
ఆ గంజి కోసం ఎవలన్న పాడిన్రో లేదో,
మా ఊరికైతే ఇనవడలె.

ఆ రాత్రి ఒక్కణ్ణే.
ఒక డెక్కుల ఏడాది పాటల మాస్టర్ తయారైతుంది,
పక్కన నేలమీద అయిదు వందల ఆకలి పాటలు.
బీడీలు కట్ట కట్టినట్టు
ఇరవై అయిదు, ఇరవై అయిదు పేర్చిన.
నిద్ర రాకుండ నోటితోటి లెక్కవెట్టిన,
మా చిన్నమ్మ కార్ఖానల లెక్కవెట్టే రాగంల.
దుకాణం పేరు చెప్పే మైకు
ఇంక తగిలే ఉన్నదని తెల్వదు.

ఫిబ్రవరిల మిసెస్ ప్రెస్కాట్ అచ్చింది,
ఎనిమిదేండ్ల బిడ్డను ఎంటవెట్టుకొని.
ఏడాది టేపు గల్ల మీద వెట్టింది.
సైడ్ బి ఆఖర్ల ఒక పాట ఉంది,
లేబులు మీద పేరు లేదు, ఎవలిది?
మాకు సమజ్ కాలె.
గప్పుడు ఆ పిల్ల పాడింది,
కార్ల రోజు ఇంటదట:
ఇరవై మూడూ,
ఇరవై నాల్గూ,
ఇరవై అయ్‌దూ.

కుర్యాకోస్ నా మొకం చూసిండు.
నేను ఏసీ దిక్కు చూసిన.
ఏ పాట లెక్క అది, ఎవలి పైసల లెక్క,
ఏ భాషల చెప్పాలె ఆమెకు?
"కౌంటింగ్" అన్న. నాకచ్చిన ముక్క.
ఆమె పెన్ను తీసి రాసుకున్నది,
ఆడగొంతు మొగోని కింద.

పిల్ల మాత్రం పోలె.
ఇరవై అయిదు అన్నంక టేపు తెగుతుంది,
ఆ తర్వాత ఏమున్నది అని అడిగింది,
కుర్యాకోస్ హిందీల అడిగిండు.

మళ్ల ఒకటి, అన్న.